ఊపిరి గీత

తమ్ముడి ఊపిరికి నంబరు రెండు.

ఇది అక్కయ్య ఇచ్చిన నంబరు కాదు. పాటలు చేసే యంత్రాలన్నీ ఎప్పుడో ఒక్క మాట మీదకు వచ్చి పెట్టుకున్న లెక్క. కీబోర్డు పక్కనున్న చక్రం తిప్పితే ఒకటి, ఊదితే రెండు, కాలితో పెడలు తొక్కితే అరవై నాలుగు. వాయిద్యం నుంచి కంప్యూటరుకు వెళ్ళే తీగలో పాట ఉండదు, ఈ నంబర్లే ఉంటాయి. ఏ మీట మీద వేలుంది, ఊపిరి ఎంత బలంగా తగిలింది, అంతవరకే. సున్నా అంటే ఊపిరి లేదని. నూట ఇరవై ఏడు అంటే ఇక అంతకు మించి ఊదడానికి ఆ మనిషి దగ్గర ఏమీ లేదని. ఆ కబురు అందుకుని కంప్యూటరు క్లారినెట్టులా పలుకుతుంది, పిల్లనగ్రోవి కావాలంటే పిల్లనగ్రోవిలా పలుకుతుంది. తెర మీద మాత్రం ఊపిరి ఒక గీతలా కనిపిస్తుంది, ఎక్కుతూ దిగుతూ.

అక్కాతమ్ముళ్ళిద్దరూ అరవై దాటినవాళ్ళు. ఇస్త్రీ దుకాణం పైన రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఇల్లు. వెనక గది గోడలకు పాత బొంతలు మేకులతో బిగించి, కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, అక్కయ్య దాన్ని పాటల గది చేసింది. ఫోనులో కాసేపు ఆగండి అన్నాక వినిపించే పాట, లిఫ్టులో వినిపించే పాట, రేడియోలో సబ్బు ప్రకటన వెనకాల వినిపించే పాట, ఇలాంటివన్నీ ఆ గదిలోనే పుట్టేవి.

"మన పాటలు ఎవరూ కావాలని వినరక్కా. తప్పించుకోలేక వింటారు," అనేవాడు తమ్ముడు.

"వింటున్నారు కదా, అది చాలు. నువ్వు మాట్లాడితే అది కూడా వినరు," అనేది అక్కయ్య.

తమ్ముడు మొదట అసలు క్లారినెట్టే వాయించేవాడు. భార్య పోయాక పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వచ్చాడు. వచ్చిన కొన్నేళ్ళకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. క్లారినెట్టును పలికించే బలం చాలక దాన్ని బీరువా పైకి ఎక్కించి, నోటితో ఊదే ఈ ప్లాస్టిక్ వాయిద్యం కొనుక్కున్నాడు. దానికి పెద్ద పేరే ఉంది గాని ఇంట్లో అందరూ గొట్టం అనే అనేవారు. అది కొంచెం ఊపిరితో కూడా పలుకుతుంది. ఆ కొంచెమైనా ఉన్నన్నాళ్ళూ పలుకుతుంది.

అక్కయ్యకు ఒక అలవాటు ఉంది. ఇంట్లోంచి ఎవరైనా బయలుదేరుతుంటే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేది. నీళ్ళ చప్పుడులో తలుపు మూసిన చప్పుడు వినపడదు. ఆమె ఫ్లాస్కులో పాలు తేవడానికి ఆసుపత్రి మెట్లు దిగినప్పుడే తల్లి కన్నుమూసింది. పని ఉంది, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి వెళ్ళిన భర్త వేరే ఊరి నుంచి తన కోసం చూడవద్దని కబురు పెట్టాడు. వెళ్ళేవాళ్ళను చూస్తూ నిలబడడం అప్పటి నుంచే ఆమెకు చేతకాకుండా పోయింది. ఇస్త్రీ దుకాణం వాళ్ళు పైన నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే, తమ్ముడుగారు బయటికి వెళ్తున్నారు అనుకునేవారు.

*

ఒక పొద్దున ఇద్దరూ లిఫ్టు పాట ఒకటి చేస్తున్నారు. తమ్ముడు ఊదాడు. తెర మీద గీత సగం కూడా ఎక్కలేదు. మళ్ళీ ఊదాడు. మెడ నరాలు పొంగాయి గాని గీత పొంగలేదు.

"ఈ గొట్టం ముసలిదైపోయింది," అన్నాడు.

"నీకంటేనా?"

"నాకంటే నువ్వే ముసలిదానివి. లెక్క తప్పకు," అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంచినీళ్ళు తాగి వస్తానని లేచి ముందు గదిలోకి వెళ్ళాడు.

అక్కయ్య ఆ గీతనే చూస్తూ కూర్చుంది. అంతకుముందు నెలలో చేసిన పాట తెరిచి అందులో గీతను చూసింది. అంతకుముందు ఏడాది పాట తెరిచి చూసింది. అది కొండల వరుసలా ఉంది. పోయిన నెలది మట్టిదిబ్బల్లా ఉంది. ఇవాళ్టిది పొలం గట్టులా ఉంది.

పాటలు రాసుకునే సాఫ్ట్‌వేరులో ఒక చిన్న కిటికీ ఉంటుంది. లోపలికి వచ్చే నంబర్లను వేరే నంబర్లుగా మార్చే చోటు అది. చక్రం పాడైన కీబోర్డు ఎవరైనా తెస్తే, పక్కనున్న మీటను చక్రంలా పని చేయమని అక్కయ్య అక్కడే చెప్పేది. ఎంత వస్తే ఎంతగా తీసుకోవాలో కూడా అక్కడే చెప్పవచ్చు. ముప్పై వస్తే ముప్పై అని చెప్పే గీత ఒకటి ఏటవాలుగా, వంపు లేకుండా తిన్నగా ఉంటుంది. దాని నడుము పట్టుకుని మౌసుతో పైకి లాగితే, ముప్పై వచ్చినా డెబ్బై అనుకుంటుంది.

అక్కయ్య లాగింది. పెద్దగా ఆలోచించి చేసింది కాదు. ముడతపడిన దుప్పటి కనిపిస్తే సర్దినట్టు చేసింది.

తమ్ముడు తిరిగి వచ్చి గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. గది నిండిపోయింది. గోడ మీద బొంతలు కూడా విన్నట్టు అనిపించింది. వాడు గొట్టం దించి దాన్నే చూశాడు. తరువాత అక్కను చూశాడు. పొద్దున్నే బడికి సెలవని తెలిసిన పిల్లాడి ముఖంలా ఉంది వాడి ముఖం.

"కొత్త మందు పని చేస్తోందక్కా."

"చేస్తుందని చెప్పాను కదా," అంది అక్కయ్య.

ఆ ఒక్క మాటతో ఆమె ఇరుక్కుపోయింది.

ఆ చిన్న కిటికీని రెండు చోట్ల పెట్టుకోవచ్చు. వచ్చిన ఊపిరిని కంప్యూటరు రాసుకోక ముందు గుమ్మంలోనే పెట్టవచ్చు. లేదా ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాక, వినిపించే ముందు పెట్టవచ్చు. రెండోదే పద్ధతి. అలా చేస్తే అసలు ఊపిరి భద్రంగా ఉంటుంది, పైన ఎన్ని అలంకారాలు చేసినా ఎప్పుడైనా తీసేయవచ్చు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో మార్పులు పెడితే అక్కయ్య నిర్మొహమాటంగా తిట్టేది. కాని తమ్ముడు ఆమె పక్కనే కూర్చుని తెర చూస్తాడు. రాసుకున్న గీత చిన్నగా ఉండి పాట పెద్దగా వినిపిస్తే వాడికి ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ఆమె గుమ్మంలోనే పెట్టింది. గోరంత వచ్చిన ఊపిరి కొండంతగా మారి, కొండంతగానే రాయబడింది. అసలు గోరంత ఎక్కడా మిగలలేదు.

అలా పెంచినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పాటలో ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్య తమ్ముడు గొట్టం నోట్లో ఉంచుకునే మామూలుగా ఊపిరి పీల్చి వదిలేవాడు. ఇంతకుముందు అది గొట్టానికి లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ వదిలిన ఊపిరి కూడా సన్నగా పలకడం మొదలుపెట్టింది, నిద్రలో పిల్లలు మూలిగినట్టు. వాడు లేచి వెళ్ళాక అక్కయ్య తెర మీద ఆ చిన్న చిన్న మచ్చలన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకుని చెరిపేసేది. పేలు కుక్కినంత ఓపికగా చెరిపేది.

వారం గడిచేసరికి ఆ నడుము ఇంకొంచెం లాగవలసి వచ్చింది. తరువాత ఇంకొంచెం.

*

తమ్ముడికి ఒక్కతే కూతురు. రైలులో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే ఆ పిల్ల ఉండే ఊరు వస్తుంది. అక్కడ కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. ఆదివారం ఆదివారం ఫోను చేసేది.

"నాన్నా, ఎప్పుడొస్తున్నావ్?"

"వస్తానే. బాగవుతున్నాను కదా. పూర్తిగా బాగయ్యాక క్లారినెట్టు పట్టుకుని దిగుతాను. నీ దుకాణం ముందు నిలబడి వాయిస్తే అద్దాలన్నీ పగలాలి."

"పగిలితే నీకే అమ్ముతాను. నువ్వు రా ముందు."

డాక్టరమ్మ మాట వేరేగా ఉంది. ఆవిడ గదిలో ఊదించి చూసే మిషను ఒకటి ఉంది. అది ప్రతిసారీ తక్కువే చూపించేది. ఒకనాడు ఆవిడ కాగితం పక్కన పెట్టి, "ప్రయాణం చేయాలనుకుంటే ఇప్పుడే చేయండి. చలి ముదిరాక నేను ఒప్పుకోను," అంది.

ఇంటికి వచ్చే దారంతా తమ్ముడు ఆ మిషనును తిడుతూనే ఉన్నాడు. "దానికి ఊదడం తెలియదక్కా. నా గొట్టం చెప్పదా? మొన్న లిఫ్టు పాటలో నేను ఎలా ఊదానో నువ్వు వినలేదా? ఆవిడకు చదువుంది గాని చెవి లేదు."

అక్కయ్య రోడ్డు దాటడానికి వాడి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తేలిగ్గా ఉంది. ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది. చెబితే వీడు కుప్పకూలిపోతాడు. చెప్పకపోతే, బాగయ్యాక వెళ్తానని కూర్చుని, కూతురి గుమ్మం తొక్కకుండానే పోతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఇంకో సంగతి కూడా ఉంది. అది ఆమె తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు. వీడు వెళ్తే తిరిగి రాడు. చెప్పకపోతే వెళ్ళడు.

వాడు పడుకున్నాక గాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకుంది. కట్టేసే ఉంది. గొడవ గాసుది కాదని ఆమెకూ తెలుసు.

*

చివరికి గుట్టు బయట పెట్టింది ఆమె చేసిన తప్పే. ఆ పని చేసేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు.

ఆ చిన్న కిటికీలో పెట్టిన మార్పు కంప్యూటరు మొత్తానికీ వర్తించదు. ఏ పాటలో పెడితే ఆ పాటలోనే ఉంటుంది. కొత్త పాట మొదలుపెట్టినప్పుడల్లా అక్కయ్య మొదటి పని దాన్ని అందులోకి తెచ్చి పెట్టడమే. పాత పాటల సంగతి ఆమెకు తట్టలేదు. పూర్తయిపోయిన పాట మళ్ళీ ఎవరు తెరుస్తారు?

ఆమె మందులకని బయటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం తమ్ముడు తెరిచాడు. భార్య బతికి ఉండగా ఆవిడ కోసం చేసిన పాట అది. దానికి తోడుగా ఊదుదామని గొట్టం తీశాడు. ఊదితే పిల్లి కూడా లేచి చూడనంత చప్పుడు వచ్చింది. గొట్టం పాడైందనుకుని టంకం బావకు ఫోను చేశాడు.

టంకం బావ తమ్ముడి భార్యకు అన్న. రేడియోలు, స్పీకర్లు బాగుచేసే దుకాణం ఆయనది. చొక్కా జేబులో ఎప్పుడూ టంకం తీగ చుట్ట ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

అక్కయ్య మందుల సంచితో మెట్లెక్కి వచ్చేసరికి పాటల గది తలుపు తీసే ఉంది. గొట్టం బల్ల మీద విప్పి, మళ్ళీ బిగించి ఉంది. టంకం బావ కుర్చీలో ఉన్నాడు. తమ్ముడు మంచం అంచున ఉన్నాడు. ఇద్దరూ తెర వైపే చూస్తున్నారు. తెర మీద ఆ చిన్న కిటికీ తెరిచి ఉంది. అందులో గీత విల్లులా వంగి పైకప్పుకు ఆనుకుని ఉంది.

"రండి వదినా," అన్నాడు టంకం బావ. "మీ తమ్ముడు గొట్టం చచ్చిపోయిందని ఏడుస్తూ పిలిచాడు. నేను విప్పి, తుడిచి, ఒక్క ఊపు ఊదాను. కింద ఇస్త్రీ వాళ్ళు పైకి వచ్చి ఏమైందని అడిగారు. గొట్టం సింహంలా ఉంది." ఆయన తెర వైపు చెయ్యి చూపించాడు. "మీ తమ్ముడు ఊదితే ఆ పాటలో పలకదు, ఈ పాటలో పలుకుతుంది. ఇదేం చిత్రమని వెతుక్కుంటూ వచ్చాను. వెతక్కుండా ఉండాల్సింది."

అక్కయ్య సంచి కింద పెట్టలేదు.

"దీంతో అయితే చంటిపిల్ల ఆవలించినా బ్యాండు మేళం వినపడుతుంది వదినా," అని నవ్వబోయాడు టంకం బావ. ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి, సంచిలో పనిముట్లు వేసుకుంటూ, "నేను మళ్ళీ వస్తాను బావా," అని, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే దిగిపోయాడు. స్క్రూడ్రైవరు బల్ల మీద మర్చిపోయాడు.

అక్కయ్యకు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాలనిపించింది. కాని తన భయం టంకం బావ వెళ్ళిపోవడం గురించి కాదని ఆమెకు తెలుసు. గుమ్మంలోనే నిలబడింది.

"ఎన్నిసార్లు లాగావక్కా దీన్ని?" అని అడిగాడు తమ్ముడు.

"గుర్తులేదురా."

"గుర్తులేనన్ని సార్లా."

ఆమె సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"పాపం డాక్టరమ్మ. చెవి లేదని తిట్టాను ఆవిడని. ఆవిడ మిషనొక్కటే నాతో నిజం చెప్పింది." వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎందుకు చేశావ్?"

"మొదటిరోజు నువ్వు నవ్వావురా. ఆ ముఖం చూశాక మళ్ళీ దించలేకపోయాను."

"అంతేనా?"

సంచి పట్టుకున్న వేళ్ళు ఎర్రబడ్డాయి. "అంతే కాదు," అంది అక్కయ్య. "పిల్ల దగ్గరికి వెళ్తే మళ్ళీ రావని."

కింద ఇస్త్రీ దుకాణంలో బట్టల మీద నీళ్ళు చల్లి పెట్టె ఆనించిన చప్పుడు, సుయ్యిమని, ఒకటి తరువాత ఒకటి వినిపించింది.

"నేను బాగవుతున్నాననుకుని దాని దగ్గరికి వెళ్ళడం ఎన్నిసార్లు వాయిదా వేశానో, అది కూడా నీకు గుర్తుండదులే," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఆమె అనుకుంది. కోపానికి కూడా ఊపిరి కావాలి.

*

"దాన్ని తీసెయ్," అన్నాడు కాసేపటికి.

అక్కయ్య వచ్చి కూర్చుని గీత నడుము వదిలేసింది. అది మళ్ళీ ఏటవాలుగా తిన్నగా నిలబడింది. తమ్ముడు గొట్టం నోట పెట్టుకున్నాడు. భార్య కోసం చేసిన ఆ పాటనే ఊదాడు. వేళ్ళు ఎప్పటిలాగే పరుగెత్తాయి. వేళ్ళకు జబ్బు లేదు. తెర కింది అంచును పట్టుకుని ఒక సన్నటి గీత పాకింది. స్పీకర్లలో పాట పక్కింటి గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంది. నడుమ నడుమ వాడు ఆగి ఊపిరి తీసుకున్న చోట తెర మీద ఏమీ లేదు. వదిలిన చోట మాత్రం, ఇప్పటి ఆయాసానికి, నలుసంత మచ్చ.

వాడు చివరిదాకా ఊదాడు. గొట్టం దించి గీతను చూశాడు.

"చీమలబారు పోతున్నట్టుంది," అన్నాడు.

అక్కయ్య కళ్ళు తుడుచుకుంది.

"రాశావా దీన్ని?"

"రాశాను."

"నేను లేచి వెళ్ళాక ఇలాంటి నలుసులు మాయమవడం చూశాను, నువ్వే చెరిపేదానివి. చెరపకు. ఆ నలుసులు కూడా నావే."

"చెరపను."

"ఇకనుంచి వచ్చింది వచ్చినట్టు రాయి. పెంచాలనుకుంటే తరువాత పెంచుకో, ఎవరొద్దన్నారు. గుమ్మంలోనే మార్చేస్తే లోపలికి వచ్చింది నేనేనని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఇది ఆమె నలుగురికీ చెప్పే పాఠమే.

టిక్కెట్టు మరుసటి ఉదయమే తీసుకున్నారు. తోడుగా టంకం బావ వెళ్ళాలని అనుకున్నారు. చిన్న ఆక్సిజను సిలిండరు వెంట ఉంటేనే ఒప్పుకుంటానంది డాక్టరమ్మ. తమ్ముడు ఆవిడ ముందు తల దించుకుని, "మీ మిషను మంచిదమ్మా," అన్నాడు. ఎందుకంటున్నాడో ఆవిడకు అర్థం కాలేదు.

"నేనూ వస్తాను," అంది అక్కయ్య, పెట్టె సర్దుతూ.

"నువ్వొద్దు."

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"కోపంతో కాదక్కా. నువ్వు పక్కనుంటే నా దగ్గు కూడా పాటైపోతుంది. పిల్లకు జ్వరం వచ్చినప్పుడు కూడా నీకేం లేదే, నీకేం లేదే అనేదానివి, గుర్తుందా? దాని ముందు నేను ఎంత ఉన్నానో అంతే ఉండాలి. నువ్వుంటే ఉండనివ్వవు."

అక్కయ్య చొక్కా మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

బయలుదేరే ముందురోజు వాడే పిలిచాడు. "రా, ఒకటి వాయిద్దాం. చిన్నప్పుడు హార్మోనియంలా."

వాళ్ళ నాన్న ఒక బడికి కాపలా ఉండేవాడు. ఆ బడిలో కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం ఒకటి ఉండేది. బెంచీ ఎక్కితే తమ్ముడి చేతులు మెట్లకు అందేవి గాని కాళ్ళు కింద తిత్తులకు అందేవి కావు. అక్క నేల మీద కూర్చుని రెండు చేతులతో తిత్తులు కొడితే, తమ్ముడు పైన వాయించేవాడు. గాలి ఆమెది, పాట వాడిది.

అక్కయ్యకు చెప్పకుండానే అర్థమైంది. కీబోర్డు పక్కన తిరిగే చిన్న చక్రం నంబరు ఒకటి. ఆ ఒకటి వస్తే రెండుగా తీసుకోమని చెప్పింది. గొట్టం నుంచి వచ్చే రెండును లోపలికి రానివ్వవద్దంది. ఇప్పుడు తమ్ముడు నోరు ఆనించి కొంచెం ఊదితే చాలు, స్వరం తెరుచుకుంటుంది. దానికి బలం ఇవ్వడం అక్క వేలి పని. ఈసారి ఆ కిటికీని వాడి కళ్ళ ముందే తెరిచి, వాడు చూస్తుండగానే మార్చింది.

మొదలుపెట్టారు. నాలుగు వరుసలు వెళ్ళేసరికి తమ్ముడు ఆపేశాడు.

"నన్ను చంపుతావా?"

"ఏం చేశానురా?"

"ఊపిరి తీసుకోనివ్వకుండా లాగుతున్నావ్. చక్రానికి ఊపిరి అక్కర్లేదు, తిప్పుతూనే ఉంటుంది. మనిషికి కావాలి. చూడు, ఇక్కడ ఆగాలి. ఇక్కడ కొంచెం దొంగతనంగా పీల్చాలి, ఎవరికీ తెలియకుండా. ఇక్కడ మాత్రం నిండా."

"చిన్నప్పుడు గట్టిగా కొట్టవే, గట్టిగా కొట్టవే అని ఏడ్చేవాడివి."

"అప్పుడు నాకు ఊపిరి చాలా ఉండేది."

మళ్ళీ మొదలుపెట్టారు. వాడి భుజం లేచినప్పుడు ఆమె చక్రం దించింది. వాడి భుజం దిగినప్పుడు నెమ్మదిగా ఎక్కించింది. మూడోసారికి ఆమె కూడా వాడు పీల్చినప్పుడే పీల్చడం, వాడు వదిలినప్పుడే వదలడం మొదలుపెట్టింది. తనకు తెలియకుండానే. పాట అయిపోయాక ఆమెకు తల తిరిగినట్టయింది. ఇంత తక్కువ గాలితో వీడు ఎలా బతుకుతున్నాడు అనుకుంది.

*

రైల్వేస్టేషనులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. గొట్టం ఒళ్ళో ఉంది. క్లారినెట్టు బీరువా పైనే ఉండిపోయింది. టంకం బావ సిలిండరును పసిపిల్లను కూర్చోబెట్టినట్టు సీటు మూలలో కూర్చోబెట్టి, పడకుండా తన తువ్వాలుతో కట్టాడు.

"నీళ్ళు పట్టుకొస్తాను," అంది అక్కయ్య, సీసా అందుకుంటూ. ప్లాట్‌ఫారం చివర కుళాయి ఉంది.

తమ్ముడు కిటికీ చువ్వల మధ్య నుంచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నీళ్ళున్నాయి. నువ్వెక్కడికీ వెళ్ళకు. ఇక్కడ నిలబడు."

ఆమె నిలబడింది. రైలు కదిలింది. వాడు చెయ్యి వదిలేదాకా పక్కనే నడిచింది, వదిలాక ఆగింది. కిటికీలు ఒకదాని తరువాత ఒకటి ఆమె ముందు నుంచి వెళ్ళాయి. చివరి పెట్టె వెనకాల ఎర్ర దీపం చిన్నదైపోయేదాకా చూసింది. అది ఆమె చూడగలిగిన మొదటి వెళ్ళడం.

వాడు చలికాలం మొదట్లోనే పోయాడు. నిద్రలో కాదు, నొప్పితోనూ కాదు. కూతురి దుకాణంలో, వచ్చినవాళ్ళ ముఖానికి నప్పని కళ్ళజోళ్ళు పెట్టించి నవ్విస్తూ మధ్యాహ్నాలు గడిపాడట. నడవలేకపోయాక ఇంట్లో మంచం మీద నుంచే ఆ పిల్లకు వంట చెప్పాడట. వాడికి వంట రాదు. ఆ పిల్ల వాడు చెప్పినట్టే వండి, ఇద్దరూ తినలేక పారబోసి నవ్వుకున్నారట. ఈ సంగతులన్నీ టంకం బావ తిరిగి వచ్చాక చెప్పాడు, స్క్రూడ్రైవరు కోసం వచ్చినప్పుడు.

తరువాత ఒక ఆదివారం ఆ పిల్ల ఫోను చేసింది.

"అత్తా. నాన్న వాయించినవన్నీ నీ దగ్గరున్నాయి కదా?"

"ఉన్నాయమ్మా. అన్నీ పంపిస్తాను."

"పాటలు కాదత్తా. పాటలు నా దగ్గరా ఉన్నాయి." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "రాత్రిళ్ళు పక్కన పడుకుంటే ఊపిరి వినపడేది చూడు, అది. లోపలికీ బయటికీ. అది లేక నిద్ర పట్టట్లేదు. వాయించేటప్పుడు మధ్యలో ఎక్కడైనా ఉంటుందేమో కదా?"

అక్కయ్య కుర్చీలో కూర్చుంది. ఆ ఏడాది చేసిన పాటలన్నీ ఆమెకు కళ్ళ ముందు కనిపించాయి. కొండల్లాంటి గీతలు, ఒక్కటీ వాడిది కాదు. ఆ కొండల మధ్య ఖాళీలు, పేలు కుక్కినట్టు ఏరి పారేసినవి. పిల్ల అడుగుతున్నది ఆ ఏరి పారేసిన వాటినే. చెరిపిన నంబర్లు మళ్ళీ రావు. వాటిని ఏ కిటికీలోంచి మార్చినా, సున్నాను ఎంత పెంచినా సున్నానే.

"ఒక్కటి ఉందమ్మా," అంది.

ఫోను పెట్టేసి ఆ ఒక్కటి తెరిచింది. చీమలబారు తెర అడుగున అలాగే ఉంది, నలుసులతో సహా. వినిపించమని నొక్కింది. పక్కింటి గోడ అవతలి పాట. పిల్లకు ఇది వినపడదేమో. ఫోనులోనో, చిన్న స్పీకర్లలోనో వింటుంది. అక్కయ్య చెయ్యి మౌసు మీదకు వెళ్ళింది. పెంచుకుంటే తరువాత పెంచుకో అని వాడే అన్నాడు. ఇప్పుడు పెంచినా అసలుకు ఏమీ కాదు. గీత నడుము పట్టుకుని కొంచెం లాగింది. పాట ముందుకు వచ్చింది. నలుసులు పలికాయి. అవి ఊపిరిలా లేవు, వాయిద్యంలా ఉన్నాయి.

వదిలేసింది. గీత మళ్ళీ తిన్నగా నిలబడింది.

ఉన్నది ఉన్నట్టుగానే పంపింది. కింద రెండు మాటలు రాసింది: "ఫ్యాను ఆపి, కిటికీలు మూసి విను. తక్కువగానే ఉంటుంది. అంతే ఉండేది."

సాయంత్రం వరకు ఫోను రాలేదు. పంపింది అందలేదేమో, అందినా ఇదేమిటని కోపం వచ్చిందేమో, వచ్చినా న్యాయమే అని ఆమె గదిలో తిరుగుతూనే ఉంది. వీధి దీపాలు వెలిగే వేళకు మోగింది.

"విన్నాను అత్తా," అంది ఆ పిల్ల. ఇద్దరూ కాసేపు ఫోనులో ఒకరి ఊపిరి ఒకరు విన్నారు.

తరువాత అక్కయ్య పాటల గదిలోకి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ వినిపించమని నొక్కబోయి ఆగింది. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. లేచి వెళ్ళి దాన్ని గట్టిగా కట్టేసింది. వచ్చి, తలుపు మూసి, స్పీకరు దగ్గరగా కుర్చీ జరుపుకుంది.